సున్నా వచ్చిన ఇల్లు

ఇళ్లలో ముసలివాళ్లను ఎవరు బాధపెట్టబోతున్నారో, బాధపెట్టకముందే కనిపెట్టే విద్య మా ఊరికి మొన్న ఆషాఢంలో వచ్చింది. అంతకుముందు ఆ పని ఇరుగుపొరుగు చేసేవారు. గోడ అవతల ఎవరు ఏడుస్తున్నారో ఆడవాళ్లు కుళాయి దగ్గర చెప్పుకునేవారు. మరీ మితిమీరితే వీధిలో పెద్దమనిషి ఒకాయన వెళ్లి నాలుగు చివాట్లు పెట్టి వచ్చేవాడు. అందులో ఫారం లేదు, మార్కులు లేవు, రంగులు అసలే లేవు. అలాంటి పద్ధతి ఇన్నాళ్లు ఎలా నడిచిందని పై అధికారులు చాలా బాధపడ్డారట.

మాది జీడిపిక్కల ఊరు. ఏ వీధికి వెళ్లినా పిక్కలు కాల్చిన పొగ వాసన. నేను ఎనిమిదో వార్డు ఆఫీసులో గుమాస్తాని. పేరు పాపినాయుడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో దోమల్ని లెక్కపెట్టాను, మరుగుదొడ్లను లెక్కపెట్టాను, ఒకసారి చిలకల్ని కూడా లెక్కపెట్టాను. కనుక ముసలివాళ్లను లెక్కపెట్టమంటే నేనేమీ బెదరలేదు.

శిక్షణ ఇవ్వడానికి జిల్లా నుంచి చిత్రభానుగారు వచ్చారు. ఆయన "గృహాంతర్గత వయోవృద్ధ దుర్వ్యవహార ప్రమాద సూచికల గుర్తింపు మరియు వర్ణీకరణ పథకం" సమన్వయాధికారి. ఆ పేరు ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేవారు. మేము మధ్యలో ఒకసారి మంచినీళ్లు తాగేవాళ్లం.

"మిత్రులారా, దుర్వ్యవహారం జరిగిన పిదప స్పందించుట పాతకాలపు పాలన. జరుగుటకు పూర్వమే స్పందించుట సూచికాధారిత పాలన. ఇరవై ప్రశ్నలు, ఇరవై మార్కులు. పన్నెండు దాటిన గృహమునకు ఎరుపు స్టిక్కరు. నాలుగు లోపు ఆకుపచ్చ. సున్నా వచ్చినచో ఆదర్శ గృహ ఫలకం" అన్నారాయన.

ఫారం చూశాను. ముసలివాళ్లకు మతిమరుపు ఉందా? స్నానానికి ఇతరుల మీద ఆధారపడతారా? చూసుకునే మనిషి ఒక్కరేనా? ఆ మనిషికి అలసట ఉందా? నిద్ర సరిగ్గా ఉందా? గత వారంలో గొంతు పెంచారా? ఒకే గదిలో ఉంటారా? కట్టడానికి తాడుగాని, గుడ్డగాని వాడతారా? ఇలా ఇరవై.

వెనక బెంచీలోంచి నర్సు భాగ్యవతిగారు లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుగా మా వీధుల్లో సూదులు వేస్తున్న మనిషి. "సార్, చిన్న సందేహం. ఈ గుర్తులు కనబడితే ఆ ఇంట్లో మనిషి అలిసిపోయి ఉంది, సాయం పంపండి అని కదా అర్థం? నేరం జరిగిపోయిందని కాదు కదా?"

చిత్రభానుగారు చిరునవ్వు నవ్వారు. "సాయం రెండవ దశ తల్లీ. ప్రస్తుతం మనం మొదటి దశలో ఉన్నాం. మొదటి దశలో రంగులు."

"రెండో దశ ఎప్పుడండీ?"

"మొదటి దశ విజయవంతమైనచో రెండవ దశ అవసరం ఉండదు."

భాగ్యవతిగారు కూర్చుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. నమూనా కోసం ఎవరిదైనా ఒక ఇంటి ఫారం అక్కడే నింపాలన్నారు. నేను చెయ్యెత్తాను. మా అమ్మ మూడేళ్లుగా మా చెల్లెలి దగ్గర ఉంటోంది. మా ఊరికి అరగంట బస్సు దూరం. మా ఇంట్లో అలసట లేదు, అరుపుల్లేవు, నిద్రకు లోటు లేదు. మార్కులు కూడితే సున్నా. చిత్రభానుగారు నా భుజం తట్టి, వార్డులో తొలి ఆదర్శ గృహం నాదేనని ప్రకటించారు. సాయంత్రానికల్లా మా తలుపు పక్కన ఇత్తడి ఫలకం బిగించేశారు. దాన్ని నేను రెండుసార్లు తుడిచాను.

మర్నాడు నా సర్వే దమయంతి ఇంటితో మొదలైంది. మా ఇంటికి ఎదురిల్లే. దమయంతి మొగుడు లారీ బోల్తాపడి పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. పుట్టింటికి పోకుండా అత్త దాలమ్మతోనే ఉండిపోయింది. దాలమ్మ నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో పిక్క కొట్టిన మనిషి. ఇప్పుడు ఆమెకు ఎవరూ గుర్తులేరు. కోడల్ని "అమ్మా" అని పిలుస్తుంది.

నేను వెళ్లేసరికి దమయంతి వీధి మొత్తానికి వినబడేలా అరుస్తోంది. "మింగు! మింగుతావా నేదా? పొద్దున్నుంచి అదే ముద్ద బుగ్గని ఎట్టుకుని కూకున్నావు!"

దాలమ్మ బుగ్గలో ముద్ద పెట్టుకుని నవ్వుతోంది.

"గత వారంలో గొంతు పెంచారా?" అని అడిగాను, ట్యాబు తెరిచి.

"గత వారమేటి బావూ, ఇప్పుడు నువ్వు ఇన్నేదా?"

"పెంచారు. ఒక మార్కు. నిద్ర?"

"నిద్దరెక్కడిది? తలుపు తీసుకుని ఫేట్రీకి ఎలిపోతాది. పిక్కలు కొట్టాల, మేస్త్రీ తిడతాడు అంతాది. అందుకే ఆవిడ సీర కొంగూ నా కొంగూ ముడేసుకుని తొంగుంతాం. ఆవిడ లేస్తే నాకు మెలకువొచ్చెస్తాది."

నా వేలు ఆగింది. కట్టడానికి గుడ్డ వాడతారా అన్న ప్రశ్నకు ఇంకో మార్కు. "దమయంతీ, ఆ ముడి సంగతి రాయకపోతే ఏం?" అన్నాను.

"రాయి బావూ, దాపరికమేటుంది? రాస్తే గవుర్మెంటోళ్లు ఒక మడిసిని పంపుతారేమో. మద్దేనం రెండు గంటలు ఈవిడ దగ్గర ఎవరైనా కూకుంటే నాను పప్పు ఏరే పనికి ఎల్లొస్తాను. అంతకన్నా ఏటీ అక్కర్లేదు నాకు."

ఆ రెండు గంటల మాట ఎక్కడ రాయాలో ఫారంలో వెతికాను. గడి లేదు. మొత్తం కూడితే పదిహేడు. ఊళ్లో ఇంకెవరికీ రాని మార్కులు. ఎర్ర స్టిక్కరు తలుపు మీద నేనే అంటించాను. దాలమ్మ దాన్ని చూసి ముచ్చటపడి, గోటితో గీకి సగం పీకేసింది. ఇంకొకటి అంటించాను.

అక్కడి నుంచి జగ్గారావు మేడకు వెళ్లాను. జగ్గారావు సిమెంటు వ్యాపారి. చలవరాళ్ల వరండా, చల్లటి గది, వెండి గ్లాసులో బాదం పాలు. ఆయన తల్లి నరసమ్మ, దాలమ్మ ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని పిక్కలు కొట్టినవాళ్లు. ఆ కూలితోనే జగ్గారావు చదువుకున్నాడు. ఈ మాట ఊళ్లో అందరికీ తెలుసు, ఆయన ముందు ఎవరూ అనరు.

"అమ్మగారు స్నానానికి ఎవరి మీదైనా ఆధారపడతారా?"

"ఎవరి మీదా ఆధారపడదండీ."

"మీకు గానీ, మీ ఆవిడకు గానీ అలసట?"

"అబ్బే."

"గొంతు పెంచడం?"

"మా అమ్మతో మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడం నాయుడుగారూ. ఆ సంస్కారం ఉంది మాకు."

"ఒకే గది?"

"ఛఛ. ఆవిడకు మేడ మీద వేరే గది."

సున్నా. పాలు తాగి, నిబంధన ప్రకారం వృద్ధుల వేలిముద్ర తీసుకోవాలన్నాను. ఆయన ముఖం కాస్త ముడుచుకుంది గాని పైకి తీసుకెళ్లాడు. ఎండలో రేకుల గది. తలుపుకి బయట గొళ్లెం. ఆయన దాన్ని తీస్తూ "కోతులు" అన్నాడు. మా ఊళ్లో కోతులు ఉన్నమాట నిజమే.

లోపల నరసమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఎముకలు లెక్కపెట్టేటట్టుంది. పక్కన ఖాళీ చెంబు. రేకుల వేడికి నాకు అక్కడ రెండు నిమిషాలు నిలబడటం కష్టమైంది. జగ్గారావు ఫోను మోగి వరండాలోకి వెళ్లగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"బావూ, నీళ్లు పొద్దున్న ఒక్కసారే ఎడతారు. గొళ్లెం తియ్యరు. ఎవులితో సెప్పుకోను? నువ్వు రాసుకో బావూ."

వృద్ధుల స్పందన అనే గడి ఫారంలో ఉంది, నిజమే. దాంట్లో రాయాలంటే ముందు వేలిముద్ర పడాలి. ఆవిడ బొటనవేలు మిషను మీద పెట్టాను. ఎర్ర దీపం. చూపుడు వేలు. ఎర్ర దీపం. పది వేళ్లూ పెట్టాను. నలభై ఏళ్లు పిక్కల్లోంచి కారిన జీడి రసం ఆ వేళ్ల గీతలన్నీ తినేసింది. తెల్లగా, నున్నగా ఉన్నాయి. మా ఊళ్లో పిక్క కొట్టిన ఏ ముసలమ్మ వేలయినా అంతే. కంటిపాప చూసే మిషను జిల్లాకి ఒకటి ఉంది, చిత్రభానుగారి గదిలో, గాజు బీరువాలో.

ట్యాబు మీద అక్షరాలు వచ్చాయి: "వ్యక్తి లభ్యం కాలేదు. ఫిర్యాదు లేనట్లు పరిగణించడమైనది."

"పడిందా బావూ?" అని అడిగింది నరసమ్మ.

పడిందన్నాను. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో అప్పుడు తెలియలేదు. నా చెయ్యి విడిపించుకోవడానికేనని తర్వాత తెలిసింది. నా దగ్గరున్న నీళ్ల సీసా అక్కడ పెట్టి కిందికి దిగాను.

ఆఫీసులో చిత్రభానుగారికి గొళ్లెం సంగతి చెప్పాను. ఆయన ఫారం తిరగేశారు. "తాడు ఉన్నది. గుడ్డ ఉన్నది. గొళ్లెం లేదు. గొళ్లెము తలుపునకు సంబంధించిన ఉపకరణం నాయుడూ, దాని సంగతి గృహనిర్మాణ శాఖవారు చూసుకుంటారు."

"ఆవిడ నోటితో చెప్పింది సార్."

"ఎవరు చెప్పింది?"

"నరసమ్మ."

"లభ్యం కాని వ్యక్తి చెప్పినట్లు మనం రాయలేం" అన్నారాయన, ఎంతో ఓపిగ్గా.

వారం తర్వాత సర్వే పూర్తయ్యాక ఆయన వార్డు పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఎర్ర చుక్కలు ముప్పై ఒకటి. పై నుంచి ఒత్తిడి ఉందట. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది.

"నాయుడూ, గణాంకాలను లోతుగా పరిశీలించినచో ఒక సత్యం బోధపడుతున్నది. వృద్ధులు లేని ఏ గృహమునందును వృద్ధుల పట్ల దుర్వ్యవహారం నమోదు కాలేదు. కాబట్టి ప్రమాదానికి మూలకారణం వృద్ధులు. ఎర్ర గృహం నుంచి వృద్ధురాలిని సున్నా గృహమునకు మార్చితిమా, ఎర్ర గృహం తక్షణం సున్నా అగును. సున్నా గృహమునకు ఇదివరకే ఫలకం ప్రకటించియున్నాం కనుక అది సున్నాగానే ఉండును. వార్డంతా ఆకుపచ్చ!"

దీనికి "వృద్ధ స్థానాంతరణ" అని పేరు పెట్టారు. ఊరంతటికీ ఎక్కువగా పదిహేడు వచ్చిన ఇల్లు ముందు. ఊరంతటికీ పెద్ద సున్నా ఇల్లు దానికి జత. ఉత్తర్వు మీద జగ్గారావు సంతోషంగా సంతకం పెట్టాడు. ఫొటోగ్రాఫరు వస్తాడని చెప్పాం మరి.

గురువారం పొద్దున్న బ్యానరు కట్టిన వ్యాను వచ్చింది. దాలమ్మకి పూలదండ వేశాం. ఆమె దాన్ని తినబోయింది. రశీదు మీద ఆమె వేలిముద్ర పడలేదు, ఎవరూ పట్టించుకోలేదు. కొంగు ముడి ఇంకా విప్పలేదు. నేనే విప్పాను. ఒక్కసారిగా రాలేదు, బిగిసిపోయిన ముడి, గోళ్లతో అయిదు నిమిషాలు పట్టింది. దమయంతి అంతసేపూ అత్త జుట్టు సర్దుతూ ఉంది.

వ్యాను కదిలేటప్పుడు మాత్రం పరిగెత్తుకొచ్చింది. "అరిస్తేనే మింగుతాది బావూ! ఆలకి సెప్పు, అరవమని సెప్పు!"

దాలమ్మ కిటికీలోంచి "అమ్మా, అమ్మా" అంటోంది. దమయంతి తలుపు మీద ఎర్ర స్టిక్కరు తీసేసి ఆకుపచ్చది అంటించాను. ఇంట్లో ప్రమాదం పూర్తిగా తొలగిపోయింది.

ఎదురింట్లోంచి అరుపులు ఆగాక నాకు అన్నం సహించలేదు. నాలుగో రోజు, తనిఖీ అని ట్యాబు పట్టుకుని జగ్గారావు మేడకు పోయాను. ఆయన లేడు. ఆయన భార్య టీవీ చూస్తూ పైకి చెయ్యి చూపించింది. గొళ్లెం తీశాను.

ఇద్దరూ అక్కడే ఉన్నారు. దాలమ్మ నేల మీద, పెదవులు పగిలి ఉన్నాయి. దండలో పూలు గది నిండా ఎండిపోయి ఉన్నాయి. నరసమ్మ గోడకి ఆనుకుని దాలమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరి కొంగులూ కలిపి ముడేసి ఉన్నాయి.

"ఏటి సెయ్యమంటావు బావూ?" అంది నరసమ్మ. అరుద్దామన్నా ఆవిడకి గొంతు లేదు. "కొంగు కోసం ఎతుకుతాది. అది నేకపోతే ఏడుపు. అందుకే నాది ముడేసినాను. ముద్ద మింగదు. నాకు అరవడానికి ఓపిక నేదు."

తలుపు వేశాను గాని గొళ్లెం పెట్టలేదు. మెట్లు దిగి నేరుగా దమయంతి దగ్గరకు వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. ఒక్కటే చెప్పాను. "గొళ్లెం తీసి ఉంది. నేను ఆఫీసుకు పోతున్నాను. తిరిగి అటు చూడను."

మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, భాగ్యవతిగారు ఒకవైపు, దమయంతి ఒకవైపు పట్టుకుని ఇద్దరు ముసలమ్మల్నీ రిక్షాలో ఎక్కించి మా వీధికి తీసుకుపోయారు. ముడి విప్పలేదట. రిక్షాలోనే దమయంతి అరవడం మొదలుపెట్టిందట. దాలమ్మ ముద్ద మింగిందట. ఈ సంగతులన్నీ భాగ్యవతిగారే వచ్చి చెప్పింది. వింటూ నేను ఫైలులో తల దూర్చుకున్నాను. కళ్లలో నీళ్లు ఆఫీసులో ఎవరికీ కనబడకూడదు కదా.

మర్నాడు జగ్గారావు ఆఫీసుకి వచ్చి విరుచుకుపడ్డాడు. ఫలకం అందించే సభ రెండు రోజుల్లో ఉంది. పక్కన నిలబెట్టడానికి ముసలమ్మ లేకపోతే ఫొటో ఎలా? "అపహరణ! నా తల్లినీ, ప్రభుత్వం అప్పజెప్పిన మరో మాతృమూర్తినీ ఎత్తుకుపోయారు! కేసు పెట్టండి!"

చిత్రభానుగారు నా వైపు చూశారు. "నివేదిక సమర్పించు నాయుడూ. అపహరణ అయినచో రెండవ దశ, మూడవ దశ అన్నీ వచ్చిపడును."

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను మనసు పెట్టి రాసిన నివేదిక అదొక్కటే. కొంచెం గుర్తుంది: "సదరు గృహమునందు నరసమ్మ అను వ్యక్తి లభ్యం కాలేదని యంత్రం పదిసార్లు ధ్రువీకరించియున్నది. దాలమ్మ అను వ్యక్తి స్థానాంతరణ రశీదునందు సైతం వేలిముద్ర పడలేదు. లభ్యం కాని వ్యక్తులు అపహరణకు గురియగుటకు అవకాశం లేదు. ఉన్నారని ఒప్పుకున్నచో సర్వే మొత్తం తప్పని ఒప్పుకొనవలసి వచ్చును."

చిత్రభానుగారు మూడుసార్లు చదివారు. చివరి వాక్యం దగ్గర ఆయన చెమట తుడుచుకున్నారు.

"మీ గృహమునందు వృద్ధులు లేరు జగ్గారావుగారూ" అన్నారు.

"మా అమ్మండీ!"

"రికార్డు ప్రకారం లేరు. విచారించవలసినది లేదు. పైగా మీ సున్నా ఇప్పుడు మరింత స్వచ్ఛమైన సున్నా."

జగ్గారావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఫలకం ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే సరే" అని కుర్చీలోంచి లేచాడు. సభ బాగా జరిగింది. రేకుల గదిలో ఇప్పుడు సిమెంటు బస్తాలున్నాయి. వాటికి ఎండ తగలకుండా పైన గడ్డి కప్పించాడు.

దమయంతి ఇల్లు మాత్రం ఇబ్బంది తెచ్చింది. ఇద్దరు ముసలమ్మలకు మార్కులు కూడితే ముప్పై మూడు. ఫారంలో ఇరవై దాటి గడి లేదు. పైగా ఆ ఇద్దరూ లభ్యం కాని వ్యక్తులు. అందుకని ఆ ఇంటిని సర్వే నుంచి తీసేశారు. మధ్యాహ్నం రెండు గంటలు అక్కడ ఎవరు కూర్చోవాలన్నది ఏ దశలోనూ లేదు. మొదటి వారం భాగ్యవతిగారు కూర్చుంది. రెండో వారం నన్ను కూర్చోమంది. భోజనం వేళకి ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్నాను.

నరసమ్మకి కాస్త ఒంట్లో రక్తం పట్టింది. నా వైపు చూసి ఒకరోజు అడిగింది. "నీకు తల్లి ఉన్నాదా బావూ?"

"ఉంది. మా చెల్లెలి దగ్గర."

"ఎన్నాళ్లయ్యింది సూసి?"

లెక్కపెట్టాను. చిలకల్ని లెక్కపెట్టినవాడిని, ఇది సరిగ్గా లెక్కపెట్టలేకపోయాను. సిగ్గేసింది. ఎదురుగా వీధి అవతల మా ఇత్తడి ఫలకం ఎండలో మెరుస్తోంది.

ఆదివారం వెళ్లి మా అమ్మని తెచ్చుకున్నాను. మా చెల్లెలు సామాను సర్దుతూ ఏడ్చింది, అమ్మ వెళ్లిపోతోందని కొంత, ఇన్నేళ్లకి తనకి ఒక రాత్రి నిద్ర దొరుకుతుందని కొంత. అమ్మకి చెవుడు. మందు ఉమ్మేస్తుంది. స్నానమంటే నా మొహం మీద నీళ్లు కొడుతుంది. మూడో రోజుకి నాకు నడుం పట్టేసింది. నాలుగో రోజు పొద్దున్న మాత్ర మింగమని ఎంత బతిమాలినా వినకపోతే, నాకు తెలియకుండానే వీధి దద్దరిల్లేటట్టు అరిచాను. మా ఆవిడ కంగారుగా తలుపు వెయ్యబోయింది. అమ్మ నా వైపు చూసి, నోరు తెరిచి మాత్ర వేసుకుంది.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. లెక్కేసుకుంటే అప్పటికే పద్నాలుగు మార్కులు.

ఎదురింటి వాకిట్లో దమయంతి ఇద్దరు ముసలమ్మలకు తలలు దువ్వుతోంది. దువ్వెన ఆపి నన్ను చూసి నవ్వింది.

"బావూ, ఇన్నాళ్లకి మీ ఇంట్లో మడుసులున్నట్టుంది" అంది.

లోపలికెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాను. ఫలకం ఊడదీశాను.